పాత ఫైరింజన్లు: అపోహలు – వాస్తవాలు

నల్గొండలో పాత ఫైరింజన్లను బాగుచేసి పనిచేసే స్థితిలో నిలబెట్టుకుంటున్న మా చిన్న బృందం షెడ్డుకు వచ్చేవారు ముందు ఎర్రరంగును, ఆ తర్వాత ఇత్తడి గంటను చూస్తారు. వెనకవైపున్న పంపు దగ్గర ఆగేవారు తక్కువ. మేము వినే అపోహల్లో ఎక్కువ భాగం అక్కడినుంచే పుడతాయి.

అపోహ: ఇంజన్ స్టార్టయి బండి కదిలితే ఫైరింజన్ బాగైనట్టే.

వాస్తవం: అంతవరకు లారీ మెకానిక్ ఎవరైనా చేయగలరు. చెరువులో పైపు వేసి నీళ్లు తోడి, వాటిని ఒత్తిడితో చిమ్మగలిగినప్పుడే అది ఫైరింజన్. మా బెడ్‌ఫోర్డ్ (బ్రిటిష్ లారీ కంపెనీ) బండిలో ఉన్నది సెంట్రిఫ్యూగల్ పంపు, అంటే చక్రం గిర్రున తిరిగి నీటిని బయటికి విసిరేది కాబట్టి, లోపల గాలి ఉన్నంతసేపు అది నీటిని అందుకోలేదు. ముందుగా ప్రైమర్ అనే చిన్న సహాయక పంపు ఆ గాలిని తోడేయాలి. బండిని ట్రెయిలర్ మీద పానగల్ ఉదయసముద్రం కట్టకు తీసుకెళ్లిన మొదటి రెండు ఆదివారాలూ లోపల గాలి ఎంత తగ్గిందో చూపే వాక్యూమ్ గేజ్ ముల్లు కొంత లేచి మళ్లీ పడిపోయింది. షెడ్డుకు తిరిగొచ్చి, నీళ్లు తోడే సక్షన్ పైపు చివర మూత బిగించి, ప్రైమర్ నడిపి ఆపి, వెలిగించిన అగరుబత్తిని ఒక్కొక్క జాయింటు దగ్గరా పట్టుకొని చూశాము. మూడో జాయింటు దగ్గర పొగ సన్నని దారంలా లోపలికి వంగింది. రబ్బరు వాషర్ మీద వెంట్రుకంత పగులు ఉంది. వాషర్ మార్చిన తర్వాత ముల్లు కదలకుండా నిలిచింది.

అపోహ: పంపు బలమైనదైతే ఎంత లోతు బావినుంచైనా నీళ్లు లాగుతుంది.

వాస్తవం: నిజానికి పంపు నీటిని లాగదు, అది లోపల గాలిని తీసేస్తే, బయటి వాతావరణ పీడనం నీటిని పైకి నెడుతుంది. ఆ పీడనం సముద్రమట్టం దగ్గర కూడా నీటిని సుమారు 10.3 మీటర్లకు మించి ఎత్తలేదు, ఆచరణలో 7 మీటర్లు దాటితే పని సాగదు. ఎండాకాలంలో మన పాత మోటబావుల్లో నీళ్లు అంతకంటే ఎంతో కిందికి దిగిపోతాయి. అందుకే "మా బావిలో వేసి చూపించండి సారూ" అని ఊళ్లో అడిగినప్పుడు మేము ముందు తాడుకు రాయి కట్టి లోతు కొలుస్తాము.

అపోహ: కాన్వాస్ హోస్ కారుతున్నదంటే అది పారేయాల్సిందే.

వాస్తవం: లోపల రబ్బరు పొర లేని పాత నారగుడ్డ హోస్ మొదట కొద్దిసేపు చెమర్చడం దాని స్వభావం. నార తడిసి ఉబ్బగానే సందులు మూసుకుంటాయి. దాన్ని నిజంగా చంపేది తడిగా చుట్టిపెట్టడం. పని కాగానే నిలువునా వేలాడదీసి ఆరబెట్టాలి.

అపోహ: పాత ఫైరింజన్లన్నీ ఎర్రవే.

వాస్తవం: రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ బండ్లు బూడిదరంగులో ఉండేవి, 1950లలో అక్కడి సహాయక అగ్నిమాపక దళం బెడ్‌ఫోర్డ్‌లు ఆకుపచ్చవి. కొత్త రంగు వేసేముందు పాతదాన్ని పొరపొరగా గీకి చూడండి.

అపోహ: 50 ఏళ్లు దాటిన ఏ బండికైనా వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది.

వాస్తవం: 2021లో వచ్చిన కేంద్ర నిబంధన సొంత వాడకానికి ఉన్న ద్విచక్ర వాహనాలకు, కార్ల తరగతికి మాత్రమే వర్తిస్తుంది. లారీ ఛాసిస్ మీద కట్టిన ఫైరింజన్ అందులోకి రాదు. మా బండి ట్రెయిలర్ మీద ప్రయాణించడానికి కారణం ఇదే. దీనికంటే నన్ను ఎక్కువ బాధించేది మరొకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలను గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకే పంపాలి కాబట్టి, ఈనాటి బండ్లు రేపు మాలాంటివారి చేతికి వచ్చే అవకాశం దాదాపు లేదు.

1944లో బొంబాయి రేవు పేలుడులో ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిగా జరిగే అగ్నిమాపక సేవా దినోత్సవం రోజు, ఏప్రిల్ 14న మా షెడ్డు తెరిచి ఉంటుంది. మీ ఇంట్లో పాత గన్‌మెటల్ (కంచు లాంటి లోహం) కప్లింగ్, అంటే హోస్‌లను కలిపే బిగింపు గానీ, హోస్ చివర నీళ్లు చిమ్మే బ్రాంచ్ పైపు గానీ ఉంటే దయచేసి తుక్కుకు వేయకుండా ఒకసారి తెచ్చి చూపించండి. పాత ఫైరింజన్ల మీద పనిచేసి రిటైరైన ఫైర్‌మన్ ఎవరైనా మీ ఇంట్లో ఉంటే, వారిని తప్పక వెంటబెట్టుకొని రండి.