ములుగు అడవిబాటలు: సందర్శకుల అపోహలు – వాస్తవాలు

వరంగల్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటి ఏటూరునాగారం వైపు వచ్చే సందర్శకులను అడవికి, చెరువులకు, గుట్టలకు తీసుకువెళ్లడం నా వృత్తి. వచ్చేవారు ఫోన్‌లో మొదట అడిగేది ఏయే చోట్లు చూపిస్తారని. ఏ నెలలో రావాలి, ఏ పూట బయలుదేరాలి అని అడిగేవారు చాలా అరుదు. నేను చూసినంతలో ఇక్కడ నిరాశపడి తిరిగి వెళ్లినవారూ, ప్రమాదం అంచుదాకా వెళ్లినవారూ ఎక్కువగా చోటును సరిగ్గానే ఎంచుకుని కాలాన్ని తప్పుగా ఎంచుకున్నవారే. తరచూ వినే కొన్ని అపోహలను అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వాన లేని రోజున బొగత జలపాతం కింద దిగితే ప్రమాదం ఉండదు.

వాజేడు మండలంలోని బొగతకు చేరే నీరు మన తల మీద కురిసిన వాన మాత్రమే కాదు. వాగు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల మీదుగా దిగివస్తుంది కాబట్టి, అక్కడ రాత్రి కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తున్న వేళకు చేరవచ్చు. అలా వచ్చే పొంగు చెప్పి రాదు గానీ, చూడగలిగినవారికి కొన్ని గుర్తులను ముందే పంపుతుంది: తేటగా ఉన్న నీరు ఎర్రబారుతుంది, ఎండుటాకులూ పుల్లలూ గుంపులుగా కొట్టుకువస్తాయి, నీటి హోరు బరువెక్కుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోటో సగంలో ఉన్నా సరే ఒడ్డెక్కాలి, అది కూడా మనం వచ్చిన ఒడ్డుకే, ఎందుకంటే అవతలి ఒడ్డున చిక్కుకున్నవారికి తిరుగుదారి ఉండదు. 2023 జూలైలో వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడడానికి వెళ్లిన సందర్శకులు పదుల సంఖ్యలో సరిగ్గా ఇలాగే చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు దాటిన వాగు తిరిగి వచ్చేసరికి పొంగింది, జాతీయ విపత్తు స్పందన దళం వచ్చి వారిని బయటకు తేవలసివచ్చింది.

తనకు ఈత వచ్చన్న ధైర్యంతో దిగేవారికి మరొక మాట చెప్పాలి. బావిలో, చెరువులో నేర్చిన ఈత జలపాతం కింద పనికిరాదు. పైనుంచి పడే నీరు గాలిని కలుపుకుని నురగగా మారుతుంది, ఆ నురగ నీటిలో మనిషి మామూలుగా తేలినట్టు తేలడు. అడుగున తిరిగే సుడి మనిషిని మళ్లీ మళ్లీ ధార కిందికే లాగుతుంది. అటవీ శాఖ కట్టిన కంచెను అడ్డంకిగా భావించి దాటేవారిని చూసినప్పుడల్లా నాకు గుండె ఆగినంత పని అవుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో బొగతను దూరం నుంచి చూడండి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఉద్ధృతి తగ్గి నీరు తెల్లగా తేటపడ్డాక తీరిగ్గా కూర్చుని చూడండి. నన్నడిగితే రెండవదే అందం.

అపోహ: లక్నవరం సహజ సరస్సు, ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది.

లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. కొండల మధ్య సందులను కట్టలతో మూసి వాన నీటిని నిలిపారు, ఇప్పుడు మనం దీవులంటున్నవి ఆ నీటిలో మిగిలిన గుట్టల తలలు. పాకాల, రామప్ప చెరువుల వలెనే దీని కింద కూడా ఆయకట్టు ఉంది. యాసంగి వరికి తూముల ద్వారా నీరు వదిలేకొద్దీ చెరువు తగ్గుతుంది, అది సహజం, అందుకే కట్టింది. ఏప్రిల్‌లో వచ్చి ఒడ్డున బురద కనిపించిందని నొచ్చుకునేవారికి నేను కట్ట దిగువన పచ్చగా ఉన్న పొలాలను చూపిస్తాను. చెరువులో తగ్గిన నీరు అక్కడుంది. నిండు చెరువు మీద వేలాడే వంతెన నడవాలనుకునేవారు వానాకాలం చివరి నుంచి సంక్రాంతి లోపల రావడం మేలు.

అపోహ: ఈ అడవిలో పెద్ద జంతువులు లేవు, ఎప్పుడైనా ఒంటరిగా తిరగవచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి అడవుల వైపు నుంచి గోదావరి దాటి పులి అప్పుడప్పుడూ వస్తుంది, పాదముద్రలూ దొరుకుతాయి. కానీ సందర్శకులు నిజంగా జాగ్రత్తపడవలసింది ఎలుగుబంటి విషయంలో. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. కోయ కుటుంబాలు ఏరుకోవడానికి తెల్లవారకముందే చెట్ల కిందికి వెళతాయి, అదే పువ్వు కోసం ఎలుగు కూడా అదే వేళకు వస్తుంది. ఆ కాలంలో మసక చీకటిలో ఇప్పచెట్ల కిందికి ఊరివారు తోడు లేకుండా నేను ఎవరినీ తీసుకువెళ్లను. అడవి అంతా ఎండుటాకు పరుచుకుని ఉండేదీ ఆ నెలల్లోనే కాబట్టి బీడీ, సిగరెట్ జేబులోనే ఉండాలి.

అపోహ: పాండవుల గుట్టల్లో వాన వెలిసిన వెంటనే ఎక్కవచ్చు, బొమ్మల మీద నీళ్లు చల్లితే స్పష్టంగా కనబడతాయి.

రేగొండ దగ్గరి ఈ గుట్టలు ఇసుకరాతివి. ఇసుకరాయి తడిని లోపలికి పీల్చుకుంటుంది, తడిసినప్పుడు దాని బలం తగ్గుతుంది; పైన ఆరినట్టు కనిపించిన అంచు చేతిలో విరిగి వస్తుంది. గట్టి వాన తరువాత కనీసం రెండు మూడు రోజులు ఎండ కాసేదాకా ఎక్కడానికి తాడు కట్టకపోవడం మా నియమం. ఇక ఆ రాతి మీది ఎర్రని ఆదిమ చిత్రాలపై నీళ్లు చల్లడం వాటిని చెరపడమే. తడిసి ఆరినప్పుడల్లా లవణాలు పైకి తేలి రంగును పెచ్చులుగా ఊడదీస్తాయి. ఉదయపు పక్కవెలుగులో ఓపికగా నిలబడితే బొమ్మలు వాటంతట అవే కనిపిస్తాయి.

అపోహ: కల్లు చలువ చేస్తుంది, తాగి నడిస్తే అలసట తెలియదు.

ఇది తాటివనాల నేల కాబట్టి వచ్చినవారు కల్లు అడగడం సహజం, నేనూ సంతోషంగా మండువకు, అంటే కల్లు అమ్మేచోటికి, తీసుకువెళతాను. చెట్టు నుంచి కారేటప్పుడు అది తీపి రసం. చెట్టుకు కట్టే కల్లు కుండ, అంటే లొట్టిలో మిగిలిన పాత కల్లులోని ఈస్టు తగలగానే పులియడం మొదలవుతుంది. అందుకే పొద్దున గౌడన్న మోకు మీద దిగి అప్పుడే పోసిన కల్లు తీయగా, మధ్యాహ్నానికి ఘాటుగా, మరునాటికి పుల్లగా ఉంటుంది. ఆ మత్తు ఆల్కహాలుదే. ఆల్కహాలు మూత్రాన్ని పెంచి ఒంట్లోని నీటిని బయటకు పంపుతుంది కాబట్టి, నలభై డిగ్రీల ఎండలో కల్లు తాగి గుట్ట ఎక్కినవారికి వడదెబ్బ మరింత దగ్గరవుతుంది. వాగుకూ గుట్టకూ ముందు కాదు, అన్నీ ముగిశాక, బండి నడిపే పని లేనివారు మాత్రమే తాగాలి. ఇంకొక సంగతి కూడా గట్టిగా చెప్పాలి: కొన్నిచోట్ల నిద్రమాత్రల మందూ, క్లోరల్ హైడ్రేటూ కలిపిన కల్లు అమ్ముతారు, అది ప్రాణాలు తీస్తుంది. చెట్టు కనిపించని చోట, గీసినవారు ఎదురుగా లేని చోట కల్లు ముట్టకండి.

అపోహ: మేడారం జాతర రోజుల్లో వస్తే చుట్టుపక్కల అడవి కూడా చూడవచ్చు.

రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మల జాతరకు లక్షల మంది వస్తారు, తాడ్వాయి దారులన్నీ వారివే. మొక్కు కోసం వచ్చేవారు అప్పుడే రండి. అడవి కోసం వచ్చేవారు జాతర లేని ఏడాది మాఘంలో రండి. ఉదయం ఆరు గంటలకు తాడ్వాయి దగ్గర మంచు ఇంకా చెట్ల నడుమ ఉంటుంది, నేను అక్కడే ఉంటాను.