కోచీస్ కౌంటీ: కేసు నవంబరుది, మలుపు అక్టోబరుది

అరిజోనా రాష్ట్రానికి ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉన్న కోచీస్ కౌంటీ జనాభా సుమారు లక్షా పాతిక వేలు. పాలకమండలిలో ముగ్గురే సూపర్‌వైజర్లు. వారిలో ఒకరైన టామ్ క్రాస్బీపై పెట్టిన క్రిమినల్ కేసు మళ్లీ చర్చకు వచ్చింది. 2020 అధ్యక్ష ఎన్నికల ఫలితంపై అరిజోనాలో రేగిన గొడవలన్నీ తెలిసినవే, తిరగదోడక్కర్లేదు. ఈ కేసు 2022 నవంబరు 28 నాటిది. ఎన్నికల ఫలితాలకు ఆమోదం తెలపాల్సిన ఆఖరి రోజున క్రాస్బీ, పెగ్గీ జడ్ అనే ఇద్దరు రిపబ్లికన్ సభ్యులు దాన్ని వాయిదా వేశారు. అయితే వ్యవహారం దారి తప్పింది ఆ రోజు కాదు. అంతకు ఐదు వారాల ముందు, అక్టోబరు 24న.

ఆ రోజు బోర్డు 2-1తో బ్యాలెట్లన్నింటినీ చేత్తో లెక్కించాలని తీర్మానించింది. డెమొక్రాట్ సభ్యురాలు ఆన్ ఇంగ్లిష్ వ్యతిరేకించారు. ఇది చట్టవిరుద్ధమని కౌంటీ అటార్నీ బ్రయన్ మెకింటైర్ చెప్పారు. ఆయనా రిపబ్లికనే. ఎన్నికల నిర్వహణ చూసే డైరెక్టర్ లీసా మారా కుదరదన్నారు. సొంత న్యాయవాది, సొంత అధికారి ఇద్దరూ వద్దన్నాక కూడా బోర్డు ముందుకే వెళ్లింది. తర్వాత జరిగినవన్నీ ఈ మొండితనానికి కొనసాగింపే.

చేతి లెక్కింపు అరిజోనాలో లేనిదేమీ కాదు. ప్రతి సాధారణ ఎన్నిక తర్వాతా తనిఖీ కోసం కొంత చేత్తో లెక్కించాలని చట్టమే చెబుతోంది. దానికి ఒక వరుస ఉంది. పోలింగ్ రోజు ఓట్లకైతే 2 శాతం కేంద్రాలు లేదా రెండు కేంద్రాలు, ఏది ఎక్కువైతే అది. ముందస్తు ఓట్లకైతే 1 శాతం లేదా 5,000, ఏది తక్కువైతే అది. ఎంపిక యాదృచ్ఛికంగా జరగాలి. లెక్కపెట్టేవారిని పార్టీలే పంపాలి. యంత్రం లెక్కకూ చేతి లెక్కకూ తేడా నిర్ణీత పరిమితి దాటితే మరోసారి లెక్కిస్తారు. అప్పటికీ తేలకపోతే నమూనాను రెట్టింపు చేస్తారు. అప్పుడూ కుదరకపోతేనే కౌంటీ మొత్తం. అంటే పూర్తి లెక్కింపు చిట్టచివరి మెట్టు. కోచీస్ బోర్డు మొదటి అడుగే అక్కడ వేస్తానంది.

క్రాస్బీ వర్గం వాదన ఇదీ: రాష్ట్ర ఎన్నికల మాన్యువల్ ప్రకారం కౌంటీలు ఇష్టమైతే ఎక్కువ బ్యాలెట్లను తనిఖీ చేయవచ్చు, యంత్రాల మీద ఓటర్లకు నమ్మకం పోయింది కాబట్టి ఇది అవసరం. అప్పటి రాష్ట్ర అటార్నీ జనరల్ మార్క్ బ్రనోవిచ్ కార్యాలయం నుంచి అక్టోబరు 28న వచ్చిన ఒక అనధికారిక అభిప్రాయం వారికి కొంత ఊతమిచ్చింది. కానీ అది బ్యాలెట్‌పై ఉన్న వాటిలో ఐదు పోటీలకే (ఒక్కో పదవికి జరిగే ఎన్నిక ఒక పోటీ) పరిమితం.

చట్టం పక్కన పెట్టి ఆచరణ చూసినా సమాధానం మారదు. అదే రాష్ట్రంలోని మొహావే కౌంటీ 2023లో ప్రయోగం చేసి చూసింది. ఒక్కో బ్యాలెట్‌పై 36 పోటీలున్న 850 బ్యాలెట్లు లెక్కించడానికి సిబ్బందికి మూడు రోజులు పట్టింది. 46 తప్పులు దొర్లాయి. పేరు చదివేవారు ఒకరికి బదులు మరొకరి పేరు చదివారు, చూడాల్సినవారు గమనించలేదు. వేగంగా చదివితే ఒక గీత రెండుసార్లు పడింది, లేదా అసలు పడలేదు. గీతలు అలుక్కుపోయి కొన్ని అర్థం కాలేదు. మధ్యాహ్నానికి అలసట, విసుగు. మొత్తం బ్యాలెట్లకు పది లక్షల డాలర్లకు మించి ఖర్చవుతుందని లెక్క తేలాక, అక్కడి బోర్డు 3-2తో ఆలోచన మానుకుంది. కోచీస్‌లో ఇలాంటి ప్రయోగం ఒక్కటీ జరగకుండానే, ఎన్నికలకు రెండు వారాల ముందు, తీర్మానం చేశారు. ఆ ఏడు బ్యాలెట్‌పై, పదవులు కాక, ఓటర్లు అవుననో కాదనో తేల్చాల్సిన రాష్ట్రస్థాయి ప్రతిపాదనలే పది ఉన్నాయి.

విశ్రాంత ఉద్యోగుల సంఘం ఒకటి, స్థానిక ఓటరు ఒకరు కోర్టుకెళ్లారు. పోలింగ్‌కు ముందు రోజు, నవంబరు 7న, న్యాయమూర్తి కేసీ మెక్‌గిన్లీ పూర్తి లెక్కింపును ఆపేశారు. అన్నీ లెక్కపెడితే ఇక యాదృచ్ఛిక ఎంపికకు అర్థమేముంది? 2023 అక్టోబరులో అప్పీలు కోర్టూ ఇదే నిలబెట్టింది. అయినా ఎన్నికల తర్వాత ఇద్దరు సభ్యులు బ్యాలెట్లను, ఓటర్ల నమోదు చూసే కౌంటీ రికార్డర్ డేవిడ్ స్టీవెన్స్‌కు అప్పగించాలంటూ తమ ఉద్యోగి మారాపైనే దావా వేశారు. కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు.

లెక్కింపు దారి మూసుకుపోయాక మిగిలింది ఆమోదం. మన దగ్గర రిటర్నింగ్ అధికారి ఫలితం ప్రకటిస్తే అయిపోతుంది. అక్కడ సూపర్‌వైజర్లు సమావేశమై ఓటు వేయాలి. దీన్నే కాన్వాస్ అంటారు. అప్పటి చట్టం ప్రకారం ఎన్నికలైన 20 రోజుల్లోపు దాన్ని ముగించాలి. ఏదైనా పోలింగ్ కేంద్రం లెక్కలు రాకపోతే మాత్రమే రోజుకొకటి చొప్పున ఆరు వాయిదాలు వేయవచ్చు. కోచీస్‌లో అందని లెక్కలేవీ లేవు. యంత్రాలను పరీక్షించిన ల్యాబుల గుర్తింపు గడువు ముగిసిందన్నది వారు చెప్పిన కారణం. ఫెడరల్ ఎన్నికల సహాయ సంఘం ఓటు వేసి రద్దు చేస్తే తప్ప ఆ గుర్తింపు పోదు. ఈ విషయం రాష్ట్ర ఎన్నికల డైరెక్టర్ కోరీ లోరిక్ ముందే చెప్పారు, ఆమోదించకపోతే కోర్టుకెళతామనీ హెచ్చరించారు.

కోచీస్‌లో పోలైనవి 47,000కు పైగా ఓట్లు, వాటిలో ఎక్కువ రిపబ్లికన్లవి. డిసెంబరు 5న జరగాల్సిన రాష్ట్ర ఆమోదాన్ని 8వ తేదీ దాటి జరపడానికి వీల్లేదు. అప్పటికీ కోచీస్ లెక్కలు చేరకపోతే ఆ ఓట్లు లేకుండానే ఫలితం తేలేది. కాంగ్రెస్ పోటీలో సుమారు 5,200 ఓట్లతో నెగ్గిన రిపబ్లికన్ హువాన్ సిస్కోమానీ ఓడిపోయేవారు. పాఠశాల విద్య సూపరింటెండెంట్‌గా 9,000 లోపు ఆధిక్యంతో గెలిచిన టామ్ హోర్న్ కూడా. అంటే తమకు ఓటేసినవారి ఓట్లనే చెల్లకుండా చేయబోయారు. ఈ సంగతి ఆ సభ్యులకు తెలియదనుకోవడం కష్టం.

డిసెంబరు 1న మెక్‌గిన్లీ సాయంత్రం ఐదులోపు ఆమోదించమని ఆదేశించారు. మెకింటైర్ బోర్డు తరఫున వాదించడానికి నిరాకరించారు. కొత్తగా పెట్టుకున్న లాయరు ఆ పూట విచారణకు రాలేదు. జడ్, ఇంగ్లిష్ ఆమోదించారు. క్రాస్బీ హాజరు కాలేదు.

ఆ తర్వాతి కథ త్వరగానే చెప్పవచ్చు. మారా 2023 జనవరిలో రాజీనామా చేశారు. ఆమెతో 1,30,000 డాలర్లకు రాజీ కుదిరింది. బోర్డు ఎన్నికల పనుల్లో చాలావరకు స్టీవెన్స్‌కు అప్పగించింది, కొత్త అటార్నీ జనరల్ క్రిస్ మేయస్ దావా వేశారు. క్రాస్బీని వెనక్కి పిలిపించాలని ఓటర్లు సంతకాలు సేకరించారు. గత ఎన్నికల్లో ఆ పదవికి పోలైన ఓట్లలో పాతిక శాతం సంతకాలు 120 రోజుల్లో రావాలి, రాలేదు. 2023 నవంబరులో గ్రాండ్ జ్యూరీ (అభియోగాలు మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) క్రాస్బీ, జడ్ ఇద్దరిపైనా కుట్ర, ఎన్నికల అధికారి విధులకు ఆటంకం అనే అభియోగాలు మోపింది. 2024 అక్టోబరులో జడ్ చిన్న నేరాన్ని ఒప్పుకుని 500 డాలర్ల జరిమానా, 90 రోజుల ప్రొబేషన్‌తో బయటపడ్డారు. క్రాస్బీ ఒప్పుకోలేదు, విచారణ తేదీ పలుమార్లు వాయిదా పడింది.

గడువుకు ఆమోదించని కౌంటీ ఓట్లను వదిలేసి ముందుకెళ్లమని రాష్ట్రం 2023 మాన్యువల్‌లో రాసుకుంది. 2024 సెప్టెంబరులో ఒక ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని నిలిపేయగా వ్యవహారం పై కోర్టుకు వెళ్లింది. 2024లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం కౌంటీలు ఎన్నికల తర్వాత మూడో గురువారంలోపు కాన్వాస్ ముగించాలి. అదే ఏడాది నవంబరులో కోచీస్ మొదటి డిస్ట్రిక్ట్ ఓటర్లు సూపర్‌వైజర్‌గా మళ్లీ క్రాస్బీనే ఎన్నుకున్నారు.