కొండ మీద బంగారం దొరికిందా, సార్?

నాగార్జునసాగర్ జలాశయం మధ్యలో పాత బౌద్ధ కట్టడాలున్న ద్వీపం నాగార్జునకొండ, అక్కడికి టూరిస్టులను తీసుకెళ్లడమే నా పని. లాంచీలో ముప్పావుగంట ప్రయాణం, ఆ ముప్పావుగంటలో వచ్చే ప్రశ్నలన్నీ నాకు బట్టీ వచ్చేశాయి. వాటికి జవాబులు ఒకసారి ఇక్కడ రాసి పెడితే నా గొంతుకైనా కాస్త రెస్టు.

అపోహ: తవ్వితే లంకెబిందెలు దొరుకుతాయి.
దొరికేవి ఎక్కువగా కుండపెంకులు, ఇటుకలు, పూసలు. రోమన్ బంగారు నాణేలూ దొరికాయి, కాదనను, కానీ వాటిని కరిగిస్తే ఎంత వస్తుందో అడిగేవాళ్లే తప్ప రోమ్ రాజు బొమ్మ ఉన్న నాణెం కృష్ణ ఒడ్డుకి ఎలా చేరిందని అడిగినవాళ్లు తక్కువ. మన తీరం నుంచి సన్నని నూలుబట్టలు ఓడల్లో వెళ్లేవి, వాటికి బదులుగా ఆ నాణేలు వచ్చేవి. ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పుస్తకంలో ‘మసాలియా’ అని మచిలీపట్నం వైపు తీరం కనిపిస్తుంది, అక్కడ మస్లిన్, అంటే ఆ సన్నని నూలుబట్ట, బాగా తయారవుతుందని కూడా రాశాడు.

అపోహ: బౌద్ధ భిక్షువులు లోకం వదిలేసి అడవిలో కూర్చున్నారు.
మరి విహారాలన్నీ, అంటే భిక్షువులు ఉండే మఠాలన్నీ, నది ఒడ్డునా, సముద్రం కనిపించే కొండల మీదా, బళ్లు పోయే దారుల పక్కనా ఎందుకున్నట్టు? విశాఖ దగ్గర విహారమున్న తొట్లకొండ ఎక్కి చూడండి, కింద సముద్రమే. దారిన పోయే వర్తకుడికి ఆగడానికి చోటు కావాలి, విహారానికి దానాలు కావాలి. ఇద్దరికీ కుదిరింది.

అపోహ: ఇవన్నీ రాజులే కట్టించారు.
దీనికి మాత్రం నాకు కోపమొస్తుంది. బోధిసిరి అని ఒక ఉపాసిక, అంటే బౌద్ధ భక్తురాలు, ఉండేది, రాణి కాదు, ఒక గృహస్థు ఇల్లాలు. ఆవిడ శాసనం చదివితే మన ఇంట్లో అమ్మమ్మ ఖర్చుల పుస్తకం చూసినట్టే ఉంటుంది: ఒకచోట బోధివృక్షానికి గుడి, ఒకచోట చెరువు, ఒకచోట మూడు గదులు, పాపిల అనే చోట ఏడు గదులు, కంటకసోలలో, అంటే ఇప్పటి ఘంటసాలలో, మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం, తూర్పు వాకిట రాతి మండపం. అదే శాసనంలో సింహళ, అంటే శ్రీలంక, ఆచార్యులు బౌద్ధాన్ని వ్యాపింపజేసిన దేశాల పేర్లూ ఉన్నాయి, కాశ్మీరం, గాంధారం, చీనా, యవన... ఒక ఇల్లాలి దానపత్రంలో చైనా పేరు ఉందంటే ఆ కాలం ఊళ్లో కబుర్లు ఎక్కడిదాకా వెళ్లేవో ఆలోచించండి! అమరావతిలో అయితే విధికుడనే చెప్పులు కుట్టే ఆయన, తల్లి, భార్య, పిల్లలతో కలిసి పూర్ణఘటం, అంటే నిండు కుండ, చెక్కిన రాతిపలక ఇచ్చాడు. పేరు, వృత్తి, కుటుంబం అన్నీ రాయించుకున్నాడు. సిగ్గుపడలేదు, దాచలేదు.

అపోహ: హిందూ రాజులకూ బౌద్ధులకూ ఎప్పుడూ గొడవే.
ఇక్కడి ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు, కార్తికేయుడి భక్తుడు. ఆయన సొంత చెల్లెలు శాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి దానాలు చేసింది. ఒకే ఇల్లు! అదే లోయలో శివాలయాలూ బయటపడ్డాయి, విహారాలూ బయటపడ్డాయి. అన్నిచోట్లా ఇలాగే సాగిందని నేను అనను, ఇక్కడ సాగిందని రాళ్లు చెప్తున్నాయి, అంతే.

ఇంకొకటి, అందరూ ఈ ద్వీపాన్నే పాత ఊరు అనుకుంటారు. శాసనాల్లో ఆ ఊరి పేరు విజయపురి, కొండ పేరు శ్రీపర్వతం. సాగర్ డ్యామ్‌కి 1955లో శంకుస్థాపన జరిగింది, దాని నీళ్లలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తొందర తొందరగా ఆ ఊరున్న లోయంతా తవ్వి, దొరికినవాటిలో కొన్ని కట్టడాలను ఇటుక ఇటుకా విప్పి పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. ద్వీపం మీద కాకుండా ఒడ్డున, మీరు మెట్లెక్కి ఫోటోలు దిగే అనుపులోని రంగస్థలం కూడా అలా తరలివచ్చిందే. అది మొదట ఉన్న లోయ ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది.