ఒక కంట్లో ఉన్నట్టుండి మసకా? మ్యూడ్స్ గురించి అపోహలు - వాస్తవాలు

"ఈ కంటికి పక్కన ఏదో నీడ అడ్డొస్తోంది డాక్టర్ గారూ, మెరుపులు కూడా వస్తున్నాయి." ఇలా చెప్పే యువతీయువకుల్లో ఏ కొద్దిమందికో ఉండేది మల్టిపుల్ ఇవానెసెంట్ వైట్ డాట్ సిండ్రోమ్, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొర రెటీనాలో తెల్లమచ్చలు వచ్చి మాయమయ్యే జబ్బు. పొట్టిగా మ్యూడ్స్. 1984లో అమెరికా కంటి డాక్టర్ జాంపోల్ బృందం దీన్ని మొదటిసారి వివరించింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో, సైట్ ఉన్నవాళ్లలో ఎక్కువ.

అపోహ: పోయిన చూపు ఇక రాదు.

వాస్తవం: మ్యూడ్స్‌లో చాలామందికి 6 నుంచి 10 వారాల్లో చూపు తిరిగొస్తుంది. వెలుగును పట్టే కణాలు దెబ్బతింటాయి గానీ, సాధారణంగా మళ్లీ కోలుకుంటాయి. రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్‌లో ఈ కణాల చోట మొదట తెగిపోయినట్టున్న గీత తర్వాతి స్కాన్లలో అతుక్కుంటూ కనిపిస్తుంది. ఆ స్కాన్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే పేషెంటుకి సగం టెన్షన్ పోతుంది. మెరుపులు మాత్రం కొందరికి ఇంకొన్ని నెలలు ఉంటాయి.

అపోహ: ఫోన్ చూసీ చూసీ వచ్చింది.

వాస్తవం: కాదు. అసలు కారణం ఇంకా తేలలేదు. కొందరికి ముందుగా ఫ్లూ లాంటి జ్వరం వస్తుంది. దయచేసి ఇంట్లో పిల్లల్ని తిట్టకండి.

అపోహ: రెటీనా మామూలుగానే ఉందన్నారు, కాబట్టి ఇది నరం జబ్బే.

వాస్తవం: ఇక్కడే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. ఇందులో వచ్చే తెల్లమచ్చలు కొద్ది వారాల్లోనే మాయమవుతాయి. ఆలస్యంగా వస్తే రెటీనా మధ్యలో నారింజ రంగు రవ్వ చల్లినట్టుండే గరుకు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. దాంతో కంటినరం వాపేమోనని ఎంఆర్‌ఐ దాకా వెళ్తారు. మామూలు పరీక్షలో దొరకని మచ్చలు ఆటోఫ్లోరసెన్స్ ఫొటోలో (రెటీనా తనంతట తాను వెదజల్లే సన్నటి వెలుగును పట్టే ఫొటో) బయటపడతాయి. అందుకే మొదటి వారంలోనే రండి.

అపోహ: దానంతటదే తగ్గేదానికి డాక్టరెందుకు?

వాస్తవం: తగ్గేది మ్యూడ్స్ అయితేనే! రెటీనా ఊడటం కూడా మెరుపులు, నీడతోనే మొదలవ్వచ్చు. అదైతే ఆలస్యం చేయకుండా ఆపరేషన్ కావాలి. సిఫిలిస్, టీబీ కూడా రెటీనాలో ఇలాంటి మచ్చలే తెస్తాయి, వాటికి వేరే మందులు. అందుకే డ్రాప్స్ వేసి రెటీనా చూస్తాం, అవసరమైతే రక్తపరీక్షలు రాస్తాం. డ్రాప్స్ వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపొద్దు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి. మ్యూడ్స్ అని తేలితే సాధారణంగా మందులు అక్కర్లేదు. సొంతంగా స్టెరాయిడ్లు మింగొద్దు, కంట్లో పసర్లు పోయొద్దు.

తగ్గాక కూడా తలుపు అంచులు, టైల్స్ గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే చూపించుకోండి. అరుదుగా రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుడతాయి, వాటికి ఇంజెక్షన్ అవసరమవుతుంది.