నొప్పి తగ్గిన మర్నాడు

చిన్నారులూ,

నిన్నంతా నేను మైగ్రేన్ తలనొప్పితో తలుపేసుకుని చీకట్లో పడుకుంటే అడుగుల చప్పుడైనా లేకుండా తిరిగారు. పొద్దున్నే "నొప్పి పోయిందర్రా" అనగానే చదరంగం పరిచారు. ఆడలేనన్నాను. మీ మొహాలు చిన్నబోయాయి. అప్పటినుంచీ మనసు ఊరుకోక ఇది రాస్తున్నాను.

మైగ్రేన్ విడతలు విడతలుగా నడిచే జబ్బు. నొప్పికి ముందే ఆవులింతలు, చిరాకు మొదలవుతాయి. కొందరికి కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తాయి. మందు వేసుకోకపోతే నొప్పి పెద్దవాళ్లకు 4 నుంచి 72 గంటలుంటుంది. అది వదిలాక వచ్చేదే చివరి విడత, డాక్టర్లు పోస్ట్‌డ్రోమ్ అంటారు. 48 గంటల దాకా ఉండొచ్చు. నేనిప్పుడు అందులో ఉన్నాను.

ఒళ్లంతా పిండి ఆరేసినట్టుంది. మెడ పట్టేసింది. చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నాను. తెలిసిన మాటే నోటికి రాదు. పొద్దున చిన్నదాన్ని పెద్దదాని పేరుతో పిలిచింది అందుకే. గబుక్కున వంగితే నిన్న నొప్పి ఉన్నచోటే చురుక్కుమంటుంది. విచిత్రంగా, కొందరికి ఈ సమయంలో హుషారు పొంగుకొస్తుందట.

ఇదంతా మాత్రల మత్తని చాలామంది అనుకుంటారు. మాత్ర వేసుకోనివాళ్లకూ ఇలాగే ఉంటుంది. నొప్పి ఆగిన వెంటనే మెదడు మామూలు స్థితికి రాదు. కొన్ని భాగాల పనితీరు, రక్తప్రసరణ కుదుటపడటానికి ఇంకా సమయం పడుతుంది. ఇది తెలియక వయసులో ఉన్నప్పుడు నొప్పి తగ్గిన గంటకే ఆగిపోయిన పనులన్నీ మీదేసుకునేదాన్ని. చేయలేక, బద్ధకమని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధే. ఇప్పుడు నీళ్లు తాగుతూ, ఇంత తిని, మెల్లగా మసలుతాను. ఈ నీరసానికని నొప్పి మాత్ర వేసుకోను. మామూలు నొప్పి మాత్రలైనా నెలకు 15 రోజులు, అంతకుమించి వాడుతూ నెలలు గడిస్తే వాటివల్లే తలనొప్పి పట్టుకుంటుంది.

పిల్లలకూ మైగ్రేన్ వస్తుంది. మీలో ఎవరికైనా తలనొప్పి తగ్గిన మర్నాడు పాఠం బుర్రకెక్కకపోతే దాచకండి. నాకు చెప్పండి, మీ టీచరుతో నేను మాట్లాడతాను. ఎన్నడూ లేనంత నొప్పి ఉన్నట్టుండి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, కాలో చెయ్యో పట్టు తప్పినా మైగ్రేనేలే అని ఊరుకోకూడదు, వెంటనే పెద్దవాళ్లను పిలవాలి.

పావులు పరిచినవి పరిచినట్టే ఉంచండి. మొదటి ఎత్తు నాది.

మీ అమ్మమ్మ