రొమ్ము పునర్నిర్మాణం: ఆపరేషన్ మారింది, అలవాట్లు మారలేదు

రాత్రి పన్నెండు దాటాక మంచినీళ్లు కూడా ముట్టొద్దనే నియమానికి మూలం పురిటి గదుల్లో ఉంది. మత్తులో ఉన్న గర్భిణుల కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోతోందని న్యూయార్క్ వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 1946లో రాశారు. ఆ భయం మెల్లగా అన్ని ఆపరేషన్లకూ పాకింది. మత్తుకు 2 గంటల ముందు వరకు నీళ్లు తాగొచ్చని అమెరికా మత్తు వైద్యుల సంఘం 1999లో చెప్పినా, చాలా వార్డుల్లో పాత మాటే చెల్లింది.

క్యాన్సర్ వల్ల తీసేసిన రొమ్మును మళ్లీ మలిచే రొమ్ము పునర్నిర్మాణంలో ఈ వెనుకబాటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1982లో కార్ల్ హార్‌ట్రాంప్ పొట్ట కింది కొవ్వును, చర్మాన్ని, వాటితో పాటు కండరాన్నీ తెచ్చి రొమ్ము మలిచే పద్ధతి చూపారు. దశాబ్దం తిరిగేసరికి కండరాన్ని వదిలేసి రక్తనాళాలతో కొవ్వును, చర్మాన్ని మాత్రమే తెచ్చే డీప్ ఫ్లాప్ వచ్చింది (ఫ్లాప్ అంటే ఇలా ఒకచోట నుంచి తెచ్చి అమర్చే కణజాలం). పొట్టకు అంత మేలు జరిగినా, రోగికి మాత్రం అదే మార్ఫిన్, అవే వాంతులు, అదే మంచం.

డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990ల్లో పెద్దపేగు ఆపరేషన్లలో ఈ అలవాట్లను ఒక్కొక్కటిగా నిలదీశారు. ఆ దారిలోనే పుట్టిన, ఆపరేషన్ తర్వాత రోగి త్వరగా కోలుకునే పద్ధతులను చెప్పే ఈరాస్ సొసైటీ రొమ్ము పునర్నిర్మాణానికి మార్గదర్శకాలు ఇచ్చింది మాత్రం 2017లోనే.

ఇంత ఆలస్యం ఎందుకు? మొండితనం అనేస్తే అన్యాయమే. మైక్రోస్కోప్ కింద కుట్టిన సన్నని నాళంలో గడ్డ కడితే ఫ్లాప్ మొత్తం చచ్చిపోతుంది. బీపీ పెంచే మందులు ఆ నాళాన్ని బిగిస్తాయేమోనని సర్జన్లు వాటిని వద్దనేవారు. బీపీ పడితే సెలైన్ మీద సెలైన్ ఎక్కించేవారు. ఆ నీరు చేరి ఫ్లాప్ ఉబ్బేది, అంటే దేన్ని కాపాడాలనుకున్నారో దానికే చేటు. సెలైన్ మితంగా చాలు, అవసరమైతే బీపీ పెంచే మందులు వాడొచ్చు, ఫ్లాప్‌కు హాని లేదని 2017 పత్రం తేల్చింది. నల్లమందు జాతి మందులు తగ్గించి రకరకాల నొప్పి మందులు కలిపి ఇవ్వమంది, 24 గంటల్లోపే నడిపించమంది. పొగతాగేవారు నెల ముందే మానాలంది.

ఫ్లాప్ కాపలాను మాత్రం సడలించలేదు. మొదటి 72 గంటలు తరచూ రంగు, వేడి చూడాల్సిందే. పైకి కనిపించని ఫ్లాప్ అయితే లోపల డాప్లర్ (రక్తం పారుతోందో లేదో ధ్వని తరంగాలతో చెప్పే పరికరం) పెట్టమంటుంది.