పగలు ఉద్యోగం, సాయంత్రం బీటెక్: ఈ నిబంధనలు ఎక్కడి నుంచి వచ్చాయి?

డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, ఇప్పుడు బీటెక్ చేయాలనుకునేవాళ్లు విజయవాడ, గుంటూరు చుట్టూ చాలామందే ఉన్నారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో, ఆర్ అండ్ బీ, ఇరిగేషన్ శాఖల్లో, 2019 తర్వాత గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్లుగా పనిచేస్తున్న వీళ్లు ఏ కాలేజీకి వెళ్లినా రెండే ప్రశ్నలు అడుగుతారు. సాయంత్రం క్లాసులకు వెళ్లి తెచ్చుకున్న డిగ్రీ ప్రమోషన్‌కి చెల్లుతుందా? సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటు) ఇంత వస్తే పర్సెంటేజీ ఎంత కింద లెక్క? ఒకటి పార్ట్ టైమ్ చదువు గురించి, ఇంకొకటి గ్రేడింగ్ గురించి. వెనక్కి వెళ్లి చూస్తే రెండింటి చిక్కూ ఒకటే. చదువును ఎవరి వీలును బట్టి వాళ్లు పూర్తి చేసుకోవడానికి పనికొచ్చే క్రెడిట్ పద్ధతిని తెచ్చుకున్నాం, అందులో గ్రేడు వరకే తీసుకుని వీలును వదిలేశాం.

డిగ్రీకి ఇంత పట్టుదల ఎందుకంటే, మన ఇంజినీరింగ్ శాఖల్లో డిప్లొమా వాళ్లు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్), డిగ్రీ వాళ్లు ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్). ఒక్క అక్షరం తేడా. సైట్ మీద పని చాలావరకు అదే. పైకి వెళ్లే మెట్లు మాత్రం వేరు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలోనే మొదలైంది. 1930కల్లా విశాఖపట్నం వెళ్లిపోయింది. ఇంజినీరింగ్ కాలేజీలు 1946లో కాకినాడకు, అనంతపురానికి దక్కాయి. అవీ, హైదరాబాద్‌లోని నాగార్జునసాగర్ ఇంజినీరింగ్ కాలేజీ కలిపి 1972లో జేఎన్‌టీయూ అయింది. కృష్ణా, గుంటూరు జిల్లాలకు సొంత విశ్వవిద్యాలయం కావడానికి 1976 దాకా, నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే కానూరులో వి.ఆర్. సిద్ధార్థ కాలేజీ పెట్టారు. రాష్ట్రంలో మొదటి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అది. ఆ తర్వాత పదేళ్లలోపే వడ్డేశ్వరంలో కేఎల్, బాపట్ల కాలేజీ, గుంటూరులో ఆర్‌వీఆర్ అండ్ జేసీ వరసగా వచ్చాయి. 1986లో ఎంసెట్ వచ్చింది. ఈ ఏర్పాటంతా ఇంటర్ పాసై వచ్చే పదిహేడేళ్ల పిల్లల కోసం. పాలిటెక్నిక్ పూర్తయినవాళ్లకు ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరే దారి, అంటే లేటరల్ ఎంట్రీ, ఉంది కానీ, చేరాలంటే ఉద్యోగం వదలాలి. ఇంట్లో అప్పటికే జీతం మీద ఆధారపడినవాళ్లు నలుగురుంటే ఎవరు వదులుతారు?

వదలలేనివాళ్లకు దొరికిన దారుల్లో ఎక్కువ గౌరవం ఏఎంఐఈది. 1920లో మొదలై, 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పెట్టే పరీక్ష అది. క్లాసులు లేవు, అటెండెన్స్ లేదు. సెక్షన్ ఎ, సెక్షన్ బి పాసైతే డిగ్రీతో సమానం. ఏలూరు రోడ్డు షాపుల్లో పాత పుస్తకాలు కొనుక్కుని, డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు చదివి, ఒక్కో పేపర్ తీసేస్తూ పోవడమే. ఏళ్లు పట్టేది, మధ్యలో వదిలేసినవాళ్లు ఎక్కువ. కానీ గట్టెక్కినవాళ్లను మాత్రం కాలేజీలో చదివిన ఇంజినీర్లు కూడా తక్కువగా చూసేవాళ్లు కాదు. కేంద్ర మానవ వనరుల శాఖ 2012 డిసెంబర్‌లో ఇచ్చిన ఉత్తర్వుతో ఆ తలుపు మూసుకుంది. 2013 మే 31 లోపు పేరు నమోదు చేసుకున్నవాళ్ల వరకే గుర్తింపు అన్నారు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల పరిస్థితి కొంత నయం. ఉస్మానియాలో సాయంత్రం బీఈ ఉండేది. జేఎన్‌టీయూలో సీసీసీ బీటెక్ ఉండేది, అంటే ఇంటి దగ్గర చదువుకుంటూ కాంటాక్ట్ క్లాసులకు హాజరవడం. బెజవాడలో పనిచేసేవాడు రోజూ సాయంత్రం హైదరాబాద్ వెళ్లలేడు కదా. ఆ లోటును 2000 తర్వాత బయటి రాష్ట్రాల డీమ్డ్ విశ్వవిద్యాలయాలు (విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థలు) పసిగట్టాయి. దూరవిద్యలో బీటెక్ అంటూ స్టడీ సెంటర్లు తెరిచాయి. ఫీజు కడితే మెటీరియల్ ఇంటికే వస్తుందన్నారు. ల్యాబ్ ఎక్కడ, ప్రాక్టికల్స్ ఎవరు చేయిస్తారు అన్నది చాలామంది అడగలేదు. అడగకపోవడానికి అవసరం ఒక కారణం. సంస్థ పేరులో విశ్వవిద్యాలయం అని ఉండటం ఇంకో కారణం.

దీని మీద సుప్రీంకోర్టు 2017 నవంబర్ 3న ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసులో తీర్పు చెప్పింది. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, తమిళనాడులకు చెందిన నాలుగు డీమ్డ్ సంస్థలు, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ డిగ్రీలు ఇచ్చాయని తేల్చింది. 2001 నుంచి 2005 మధ్య చేరినవాళ్ల డిగ్రీలను సస్పెండ్ చేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే తిరిగి ఇస్తామంది. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలు రద్దయ్యాయి. వాటితో వచ్చిన ప్రమోషన్లూ వెనక్కి పోతాయని, అప్పటికే తీసుకున్న జీతం మాత్రం రాబట్టవద్దని చెప్పింది. ఒడిశాలో మొదలైన కేసు అన్ని రాష్ట్రాల సర్వీసు రికార్డులకూ తగిలింది. ఇంజినీర్ హోదాలో పదేళ్లు పనిచేసినవాళ్లు మళ్లీ హాల్ టికెట్ పట్టుకుని పరీక్ష రాయాల్సి వచ్చింది. ఆ టెన్షన్ మామూలుది కాదు.

తీర్పు దెబ్బ కొట్టింది దూరవిద్యను, సాయంత్రం కాలేజీకి వెళ్లి చదివే చదువును కాదు. చట్టం దృష్టిలో రెండూ వేరు. కానీ ఆఫీసులో ఫైలు చూసే సెక్షన్‌కు ఆ తేడా అంత తేలిగ్గా అందదు. రెగ్యులర్ కాని డిగ్రీ ఏదైనా అనుమానంగా చూడటం అప్పటి నుంచి ఎక్కువైంది. మొదటి ప్రశ్న ఇప్పటికీ చావకపోవడానికి కారణం ఇదే.

తర్వాత ఏఐసీటీఈ, పార్ట్ టైమ్, ఈవెనింగ్ అనే పాత పేర్లు పక్కనపెట్టి వర్కింగ్ ప్రొఫెషనల్స్ కోసం బీటెక్ అనే ఏర్పాటు తెచ్చింది. కనీసం ఏడాది ఉద్యోగ అనుభవం ఉండాలి. పనిచేసే చోటు కాలేజీకి దగ్గర్లో ఉండాలి, ఆ దూరాన్ని మొదట 50 కిలోమీటర్లన్నారు. విజయవాడ నుంచి గుంటూరు అంతకన్నా తక్కువే కాబట్టి ఈ రెండు ఊళ్ల మధ్య పనిచేసే ఎవరికైనా అది సరిపోతుంది. డిప్లొమా ఉన్నవాళ్లు లేటరల్ ఎంట్రీ మాదిరిగా రెండో ఏడాదిలో చేరతారు. క్లాసుల వేళలు కాలేజీ సర్దుబాటు చేసుకోవచ్చు. కాగితం మీద బాగుంది.

ఇక గ్రేడింగ్. మన దేశంలో ఇంజినీరింగ్‌కు లెటర్ గ్రేడ్లు అలవాటు చేసినవాటిలో 1960ల కాన్పూర్ ఐఐటీ ముందుంది. అమెరికా విశ్వవిద్యాలయాల సాయంతో నడిచిన కాలం అది. 1986 జాతీయ విద్యా విధానం మార్కుల బదులు గ్రేడ్లు అంది. అయినా మన అఫిలియేటెడ్ కాలేజీల్లో చాలాకాలం మార్కులే నడిచాయి. ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, మొత్తం మీద 40 శాతం వస్తే పాస్. 60 శాతం దాటితే ఫస్ట్ క్లాస్. ఇంట్లో అమ్మమ్మకు కూడా అర్థమయ్యే లెక్క.

2014 చివర్లో, ఉన్నత విద్యను పర్యవేక్షించే యూజీసీ పది పాయింట్ల స్కేలు పంపింది. ఏ గ్రేడుకు ఎన్ని మార్కులో విశ్వవిద్యాలయాలనే తేల్చుకోమంది. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో 2016 రెగ్యులేషన్, అందరూ ఆర్16 అనేది, మార్కుల మెమోను గ్రేడుల మెమోగా మార్చింది. 90 దాటితే 10 పాయింట్లు, 80 నుంచి 89 దాకా 9, అలా కిందికి. ఇక్కడ 80 వచ్చినవాడూ 89 వచ్చినవాడూ ఒకటే, 79 వచ్చినవాడు మాత్రం ఒక మెట్టు కింద.

కంపెనీలు, సర్వీస్ కమిషన్లు ఇప్పటికీ 60 శాతం అనే అడుగుతాయి కాబట్టి పాయింట్లను మళ్లీ పర్సెంటేజీలోకి మార్చాలి. ఆర్16 సూత్రం సీజీపీఏలోంచి 0.75 తీసేసి పదితో గుణించడం. 2023 నాటి ఆర్23లో తీసేసేది 0.5 మాత్రమే. చిన్న తేడాలా కనిపిస్తుంది. సీజీపీఏ 6.6 వచ్చిన ఇద్దరిని తీసుకోండి. ఆర్16 వాడికి 58.5 శాతం, సెకండ్ క్లాస్. ఆర్23 వాడికి 61 శాతం, ఫస్ట్ క్లాస్. 60 శాతం అడిగే నోటిఫికేషన్‌కు ఒకడు అప్లై చేయగలడు, ఇంకొకడు చేయలేడు. నా మటుకు 0.5 న్యాయంగా ఉంది: 70 నుంచి 79 దాకా అందరికీ 8 పాయింట్లు ఇచ్చాక, తిరిగి మార్చేటప్పుడు ఆ గుంపు నడిమధ్యన 75 దగ్గర నిలబెడుతుంది. 0.75 వాళ్లందరినీ 72.5కి దించేస్తుంది. నాగార్జున విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, అమరావతిలో కొత్తగా వచ్చిన ప్రైవేటువి ఎవరి రూల్ బుక్ వాళ్లదే. అందుకే పక్కపక్క ఊళ్ల మెమోలను పోల్చేముందు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న సూత్రం చదవాలి.

గ్రేడుతో పాటు వచ్చింది క్రెడిట్. వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ అంతా చెబితే ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. డిగ్రీకి దాదాపు 160. అసలు క్రెడిట్‌తో ఉన్న లాభమే ఈ సెమిస్టర్‌కు పది, వచ్చే సెమిస్టర్‌కు పదిహేను అని ఓపికను బట్టి తీసుకోగలగడం. ఉద్యోగం చేసేవాడికి సరిగ్గా కావలసింది అదే. మన దగ్గర మాత్రం సెమిస్టర్‌కు ఇన్ని అని సబ్జెక్టులు ముందే కట్టేసి ఉంటాయి, బ్యాచ్ అంతా కలిసే నడవాలి.

పైగా అటెండెన్స్. 75 శాతం తప్పనిసరి. 65 నుంచి 75 మధ్య ఉంటే ఆరోగ్య కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, తీసుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఇప్పుడు మూడు షిఫ్టులు తిరిగే సబ్ ఇంజినీర్‌ను ఊహించుకోండి. మూడు వారాలకోసారి మధ్యాహ్నం షిఫ్టు పడితే ఆ వారం సాయంత్రం క్లాసులన్నీ పోయినట్టే. మిగతా రెండు వారాలు ఒక్క క్లాసూ మానకుండా వెళ్లినా వచ్చేది 66.7 శాతం. అంటే ఆరోగ్యంగా ఉండి డ్యూటీ చేసినందుకు మెడికల్ సర్టిఫికెట్ తేవాలి.

2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చాక, సంపాదించిన క్రెడిట్లను ఖాతాలో దాచుకుని తర్వాత వాడుకోవచ్చన్నారు. అవి ఏడేళ్ల దాకా చెల్లుతాయి. జేఎన్‌టీయూ రెగ్యులేషన్ ప్రకారం లేటరల్ ఎంట్రీలో చేరినవాడు మాత్రం ఆరేళ్లలో బీటెక్ పూర్తి చేయాలి, లేకపోతే సీటు పోతుంది.